బస్సెక్కే ముందు సూది

నా బుగ్గల గురించి మా ఊరు ఇచ్చోడలో మాట్లాడని ఆడమనిషి లేదు. "హెప్సిబా మంచిగైంది, బుగ్గలొచ్చినయ్ సూడు" అని ఎదురింటి బుచ్చవ్వ నా ముందే నిలబడి ఇంకొకరికి చెబుతుంది. అప్పుడు నేను గోడ పట్టుకుని, కుడికాలు నేలకు ఆనకుండా ఒంటికాలి మీద నిలబడి ఉంటాను. మోకాలు వాచి చీర కింద భగభగ మండుతూ ఉంటుంది. బుచ్చవ్వ కళ్లకు బుగ్గలు కనపడతాయి, మోకాలు కనపడదు. ఒళ్లు మండుతుందా, మండదా మీరే చెప్పండి.

కిందటి వానాకాలం దాకా నాకు జబ్బంటే ఏమిటో తెలియదు. కుట్టుమిషన్ మీద బతికేదాన్ని. పండగల ముందు జాకెట్లు గుట్టలు పడి ఉండేవి, మిషన్ తొక్కుతూ పాటలు పాడుకునేదాన్ని. ఆ వానల్లో ఒకసారి గట్టి జ్వరం వచ్చి తగ్గింది. జ్వరమైతే పోయింది గానీ, పోతూ పోతూ నా కీళ్లలో ఏదో వదిలేసి పోయింది. ఒక వారం మోకాలు, ఇంకో వారం మణికట్టు, మళ్లీ మోకాలు. పొద్దున మంచం దిగాలంటే ఏడుపొచ్చేది. చివరికి మిషన్ మీద దుప్పటి కప్పేశాను, బట్టలు ఇచ్చినవాళ్లు తిట్టుకుంటూ వెనక్కి తీసుకుపోయారు.

మా ఆయన బెంజమిన్ నస్పూర్‌లో ఉంటాడు, బొగ్గుబావిలో కాంట్రాక్టు పని. నెలకొకసారి ఇంటికొస్తే గొప్ప. చెడ్డవాడు కాదు, అదే నా చావుకొచ్చింది. తాగి కొట్టే మొగుడైతే ఊరంతా నా పక్కన నిలబడేది. ఈయన తాగడు, కొట్టడు, పల్లెత్తు మాట అనడు. కాగితం చూస్తాడు. కాగితం మీద ఏది రాసి ఉంటే అది నమ్ముతాడు. కరీంనగర్‌లో నా రక్తం తీసిన ప్రతిసారీ కాగితం మీద నార్మల్ అని వచ్చింది, కాబట్టి నా మొగుడికి నేను నార్మల్. నాకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే అయిపోయింది. నొప్పి తగ్గకపోతే పీడాపాయె, అది ఉందని ఆయన నమ్మాలి.

కరీంనగర్ ప్రయాణమంటే మా అత్త రిబ్కమ్మకు పెళ్లికి తరలినంత పని. ముందురోజే నా తలకు నూనె పెట్టేది. ఆదివారం ప్రార్థనకు కట్టుకునే చీరే కట్టుకోవాలి, పాతది కట్టుకుంటే ఊరుకోదు. "పెద్ద డాక్టర్ తానికి పోతున్నం బిడ్డా, మొఖం కళగ ఉండాలె. ఏడ్సుకుంట పోతే గాయన దగ్గరికి సుత రానియ్యడు" అనేది. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, బస్సెక్కే ముందు సూది. మా వీధి చివర ఆర్ఎంపీ డాక్టర్ భూమన్న ఉన్నాడు. పొద్దున్నే ఆయన దగ్గర ఆగి సూది వేయించుకుని, పక్క కొట్లో చాయ్ తాగి బస్సెక్కేవాళ్లం. "లేకుంటే గంత దూరం ఎట్ల కూసుంటవ్?" అని మా అత్త బాధ.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. నా కాళ్లకు కొబ్బరినూనె రాసి రాసి ఆమె చేతులు అరిగాయి. ఆ సూది వేస్తే నిజంగానే గంటలో నొప్పి దిగిపోయేది. నిర్మల్ ఘాట్ మలుపులు కిటికీలోంచి చూసుకుంటూ పోయేదాన్ని. కరీంనగర్ బస్టాండులో బెంజమిన్ మా కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు, నస్పూర్ నుంచి ఆయన నేరుగా అక్కడికే వచ్చేవాడు. నేను టకటకా మెట్లు దిగేదాన్ని. "మంచిగనే ఉన్నవ్ కదా" అనేవాడు నవ్వుతూ. ఆయన ఇంటికొచ్చే రోజున కూడా మా అత్త భూమన్నను పిలిపించేది. బొగ్గులో పడి వచ్చిన మనిషికి ఇంట్లో మూలుగు వినపడకూడదట. అట్లా నా మొగుడు నన్ను చూసినప్పుడల్లా నేను సూది మీద ఉన్నాను. ఆయన పోయిన రెండో రోజుకు నేను మంచం మీద ఉండేదాన్ని.

డాక్టర్ పేరు భానుప్రసాద్. కీళ్లకు మంచి పేరున్న మనిషి. గది ముందు జనం సంతలా ఉంటారు, ఒక్కొక్కరికి ఆయన దగ్గర ఉండే వేళ ఎంత, చీర సర్దుకునేంత. మొదటిసారే అర్థమయ్యేటట్టు చెప్పాడు.

"చూడమ్మా, ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా రక్తంలో సీఆర్పీ అని ఒకటి పెరుగుతుంది. ఈఎస్ఆర్ అని ఇంకోటి ఉంది, అదీ పెరుగుతుంది. నీకు రెండూ పెరగలేదు. కీళ్లవాతం పరీక్ష కూడా లేదనే వచ్చింది. సంతోషపడాలి నువ్వు."

నేను సంతోషపడలేదు. రెండోసారి కూడా అదే మాట. మూడోసారి ఆయన కళ్లజోడు తీసి, గొంతు తగ్గించి, "మనసులో ఏమన్నా బాధ ఉందా అమ్మా?" అని అడిగాడు.

"ఉన్నది సార్, మోకాలు" అన్నాను.

బెంజమిన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. డాక్టర్ చీటీ వెనుక మనసు డాక్టర్ పేరు రాసి ఇచ్చాడు. బయటికొచ్చాక మా ఆయన ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుంటూ, మెత్తగా, అదే మెత్తగా, "ఇంకొక్కసారి పరీక్ష చేపిద్దాం హెప్సీ. గప్పుడు సుత నార్మలే వస్తే గా డాక్టర్ తానికి పోదాం. తప్పేం లేదు. మనసుకు సుత జరమొస్తది" అన్నాడు. నాకు అరవాలనిపించింది. సూది మత్తులో కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, ఏ మొహం పెట్టుకుని అరవను?

ఆ ఆదివారం జరిగింది వింటే మీరు నవ్వుతారు. మా అత్త చర్చిలో ముందే చెప్పి పెట్టింది, కోడలి రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయని, కృతజ్ఞత ప్రార్థన చేయాలని. పాస్టర్ అయ్యగారు పాట అయిపోగానే, "మన సహోదరి హెప్సిబాకు దేవుడు పూర్తి స్వస్థత ఇచ్చిండు. ఆమె వచ్చి సాక్ష్యం చెప్తది" అని ప్రకటించాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేను అప్పటికి చాప మీద కూర్చుని గంట దాటింది, సూది జోరు కూడా దిగిపోయింది. లేవబోతే మోకాలు పట్టేసింది. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్క పట్టి లేపారు. స్వస్థత పొందిన మనిషిని అట్లా మోసుకుంటూ మైకు ముందుకు తీసుకుపోయారు.

"నాకు తగ్గలే" అన్నాను మైకులో.

అయ్యగారు చిన్నగా దగ్గి, "విశ్వాసంతోని చెప్పమ్మా" అన్నాడు.

"విశ్వాసంతోనే చెప్తున్న అయ్యగారూ. తగ్గలే. తగ్గితే నేనే వచ్చి చెప్త."

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంటికొచ్చాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు, కాళ్లకు నూనె మాత్రం రాసింది. కబురు నస్పూర్ దాకా పోయింది. బెంజమిన్ ఫోన్ చేసి, "అవ్వ పరువు తీస్తివి గదా అందరి ముంగట. రిపోర్టుల లేని రోగం నీకు యాడికెల్లి వచ్చింది?" అన్నాడు. ఫోన్ మంచం మీద విసిరికొట్టాను. విసిరితే మణికట్టు కలుక్కుమంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ నెల మా ఆయన ఇంటికి రాలేదు. నాలుగోసారి కరీంనగర్ పోయే పొద్దు వచ్చింది. అదే నూనె, అదే ఆదివారం చీర, భూమన్న దగ్గర అదే బల్ల. ఆయన సూదిలోకి మందు ఎక్కించుకుంటూ మంచి హుషారుగా ఉన్నాడు.

"పోయినసారి రిపోర్ట్ ఏమొచ్చె?" అన్నాడు.

"నార్మల్" అంది మా అత్త.

"రాదా మరి! అంతకుముందు?"

"గప్పుడు సుత నార్మలే."

భూమన్న ముఖం వెలిగిపోయింది. "అదీ నా చెయ్యంటే! గీ సూది పడ్డదంటే ఎసొంటి వాపైనా దిగాలె. ఒంట్ల వాపు దిగితే రక్తంల దిగదా? రక్తంల దిగితే రిపోర్ట్‌ల దిగదా? పెద్ద డాక్టర్లు గన్ని పరీక్షలు రాస్తరు గని, వాళ్లు చూసేది నా సూది పనే" అన్నాడు.

నా జబ్బకు దూది రాస్తున్నాడు. స్పిరిట్ చల్లగా తగిలింది. నేను చెయ్యి లాక్కున్నాను.

"ఏందీ? నీ సూదితోనే నార్మల్ వస్తదా?"

"మరి ఊకెనే వస్తదా?" అన్నాడు గర్వంగా. ఆయన దృష్టిలో అది వైద్యం. రిపోర్టు నార్మల్ రావడం కంటే రోగికి ఇంకేం కావాలి? పాపం ఆయన కళ్లలో కల్మషం లేదు. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. ఇన్నాళ్లూ నొప్పిని ఇచ్చోడలో దాచిపెట్టి, ఒట్టి చీరనూ నూనె తలనూ కరీంనగర్‌కు పట్టుకుపోయి చూపించి వస్తున్నానా! బల్ల మీద నుంచి దిగాను.

"ఈపారి సూది వద్దు."

"పిల్లా, నీకేమన్న పిచ్చా?" అని మా అత్త నన్ను పట్టుకుంది. "ఘాట్ మీద సచ్చిపోతవ్! బస్సుల అందరి ముంగట ఏడుస్తవా?"

"ఏడుస్త అత్తా. ఏడ్వనియ్యి. నువ్వు అడ్డం రాకు."

బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో పుణ్యాత్మురాలు లేచి సీటిచ్చింది. ఘాట్ మొదలయ్యేసరికే నాకు చెమటలు పట్టాయి. ప్రతి మలుపుకూ మోకాలిలో ఎవరో పలుగు పెట్టి తిప్పినట్టు ఉండేది. నిజం చెబుతున్నాను, ఆ నొప్పిలో కూడా నాకొక కసి సంతోషం ఉండింది. పెరగనీ, ఇంకా పెరగనీ, ఎంత పెరిగితే అంత మంచిది, అంతా రక్తంలోకి ఎక్కనీ, కాగితం మీద పెద్ద అంకె రానీ అనుకున్నాను. గుంతలో పడ్డప్పుడల్లా పళ్లు కొరికి, ఇది కూడా ఎక్కించుకో అని నా రక్తానికే చెప్పాను. జగిత్యాల దగ్గర పట్టుకోలేక గట్టిగా ఏడ్చేశాను. మా అత్త నా తలను ఒడిలోకి లాక్కుని, "జర ఓర్సుకో బిడ్డా, దగ్గరికొచ్చినం" అంటూ తనూ ఏడ్చింది. భూమన్నను తిట్టింది, డాక్టర్‌ను తిట్టింది, మధ్యలో నన్ను కూడా తిట్టింది.

కరీంనగర్ బస్టాండులో అందరూ దిగిపోయారు. బెంజమిన్ ఎప్పటిలాగే తలుపు దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నేను లేచి నిలబడలేకపోయాను. కండక్టర్ "జల్ది దిగుండ్రమ్మా" అంటున్నాడు. సీట్లు పట్టుకుంటూ తలుపు దాకా వచ్చాను. మెట్టు మీద కుడికాలు పెట్టబోయి చేతకాక అక్కడే కూలబడ్డాను. చంటిపిల్లలు దిగినట్టు ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ జరిగాను. ఆదివారం చీర అంతా బస్సు మట్టి అయింది. తలెత్తి చూస్తే బెంజమిన్ అక్కడే ఉన్నాడు. నవ్వు అట్లాగే ముఖం మీద ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

"ఏమైంది? పడ్డవా?" అన్నాడు.

"పడలే. ఎప్పుడు గిట్లనే ఉంటది" అన్నాను.

ఆయన తన తల్లి వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ తలూపింది. బెంజమిన్ వంగి, నా చంకల కింద చేతులు వేసి లేపాడు. పొరపాటున మోకాలు ఆయన తొడకు తగిలింది. నేను పెట్టిన కేకకు ఆటోవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. ఆ కేక ఆయన ఇంతకు ముందు ఎన్నడూ వినలేదు.

ల్యాబులో రక్తం ఇచ్చి బల్ల మీద కూర్చున్నాం. నాకు లోపల ధీమాగానే ఉంది. సూది లేదు, నొప్పి ఉంది, ఇక కాగితం ఎట్లా అబద్ధమాడుతుంది? మధ్యాహ్నం దాటాక పిలిచారు. భానుప్రసాద్ సారు రిపోర్టు వంక చూసి, నా వంక కూడా చూడకుండానే చెప్పాడు.

"సీఆర్పీ నార్మల్. ఈఎస్ఆర్ కాస్త ఎక్కువుంది, ఆడవాళ్లలో అంతమాత్రం ఉంటుంది, లెక్కలోకి రాదు. అంతా నార్మలేనమ్మా. పోయినసారి నేను రాసిచ్చిన డాక్టర్‌కు చూపించారా?"

అబ్బ, దేవుడా! ఘాట్ అంతా ఓర్చుకుని, అందరి ముందు పిర్రల మీద జరిగి, చివరికి నా రక్తం కూడా నా మీదే సాక్ష్యం చెప్పింది. నా పక్షాన మాట్లాడేది నా ఒంట్లో కూడా ఏదీ లేదా? ఒక్కసారి నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నాకు పిచ్చేమో అని. బెంజమిన్ వైపు చూడలేకపోయాను. ఆయన జేబులో ఆ చీటీ ఉంటుంది. ఇప్పుడు తీస్తాడు, విప్పుతాడు, మెత్తగా మాట్లాడతాడు.

"సార్" అన్నాడు బెంజమిన్.

గొంతు మెత్తగా లేదు. నేను తలెత్తాను.

"సార్, గా కాగితం జర పక్కకు పెట్టుండ్రి. మోకాలు చూడుండ్రి."

"రిపోర్టులో వాపు లేదయ్యా."

"కాగితంల లేదు సార్. ఆమెకు ఉన్నది. నేను గిప్పుడే బస్టాండ్ల చూసిన. మోస్కచ్చిన. మీరు ముట్టుకొని చూడుండ్రి సార్, దండం పెడ్త. చూసినంక నార్మలే అంటే మేం పోతం."

డాక్టర్‌కు కోపం వచ్చింది, ముఖంలో కనపడింది. అయినా కుర్చీలోంచి లేచి వచ్చాడు. మా అత్త నా చీర అంచు మోకాలి పైకి జరిపింది. ఇన్నాళ్లలో ఆయన చేతులు నా మోకాలిని తాకడం అదే మొదలు. రెండు వేళ్లతో చిప్ప పక్కన నొక్కాడు, అది నీళ్ల సంచిలా కదిలింది. ఆయన ముఖం మారింది.

"ఇంతకు ముందు బాగానే నడిచి వచ్చావు కదా?" అన్నాడు.

"బస్సెక్కే ముందు సూది ఏపిస్తుండె సార్" అంది మా అత్త, దోషిలా. "బిడ్డ కూసోలేదని. గియ్యాల ఏపియ్యలే."

ఆయన స్టూలు లాక్కుని నా ముందు కూర్చుని, మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాడు. జ్వరం ఎప్పుడొచ్చింది, అంతకు ముందు ఒంటి మీద ఏమన్నా లేచిందా. నాకు సిగ్గేసింది. తొడ మీద ఎర్రగా గుండ్రంగా పళ్లెమంత మచ్చ లేచింది, నడుమ తెల్లగా ఉండింది, తామర అని భూమన్న మలాము ఇచ్చాడు అన్నాను. ఇంట్లో పశువులు ఉన్నాయా అన్నాడు. మేకలు ఉండేవి, అడవి అంచుకు తోలుకుపోయేదాన్ని, వాటి తోలుకు అంటుకుని నెత్తురు తాగే గోమార్లను చేత్తో ఏరేసేదాన్ని, ఒకటీ అరా నన్నూ పట్టేవి అన్నాను.

"గోమార్లు కుట్టి వచ్చే జబ్బు ఒకటుంది, లైమ్ అంటారు" అన్నాడు. "మన దగ్గర చాలా అరుదు. అదే అని ఇప్పుడే అనను. మోకాల్లో నీళ్లు తీసి చూద్దాం, ఇంకో రక్త పరీక్ష హైదరాబాద్ పంపిద్దాం. ఆ సూది మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు, నీ బుగ్గలు ఉబ్బింది కూడా దానితోనే." కొంచెం ఆగి, "సీఆర్పీ నార్మల్ అయినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. అది నేను చూసుకోవలసింది" అన్నాడు.

మా అత్త మందుల చీటీ పట్టుకుని కొట్టుకు పోయింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. బెంజమిన్ కూర్చోలేదు, నిలబడలేదు, కాసేపు అటూ ఇటూ తిరిగి చివరికి నా కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే హెప్సీ?" అన్నాడు.

అంతే, నాకు తిక్క రేగింది. "చెప్పలేదా? నేను చెప్పలేదా? ఫోన్ల చెప్పిన, ఇంట్ల చెప్పిన, గీ బల్ల మీదనే కూసొని చెప్పిన! చర్చిల మైకుల చెప్పిన! నువ్వు ఏమన్నవ్? రిపోర్ట్ ఏమొచ్చె అన్నవ్! నేను నీ పెండ్లాన్నా, గా కాగితమా? ఇంకెట్ల చెప్పాలె నేను, సచ్చి చెప్పాల్నా?"

బల్లల మీద రోగులందరూ మా వైపే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. బెంజమిన్ తల దించుకుని అన్నీ విన్నాడు. నాకు ఊపిరి అందక ఆగిపోయాక మెల్లగా అన్నాడు.

"గిప్పుడు చెప్పు. వింట."

"మళ్ల రిపోర్ట్ అంటవ్."

"ఇగ ఎన్నడు అన."

నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు తుడుచుకుని, పొద్దున మంచం దిగే దగ్గర నుంచి మొదలుపెట్టాను. నస్పూర్ బస్సు వేళ దాటిపోయింది, ఆయన లేవలేదు.